చదరంగం గింజల లెక్క: 18446744073709551615 అసలు ఏం రకం నంబరు?

హంటర్‌రోడ్_అమ్మ | రాత్రి 9:40
అందరికి నమస్తే. ఒక నంబరు పంచాయితి తెచ్చిన, నవ్వకుండ్రి. మా బిడ్డ ఏడో తరగతి. బళ్ళె ఒక వర్క్‌షీట్ ఇచ్చిన్రు, చదరంగం బోర్డు మీద మొదటి గడిల ఒక బియ్యపు గింజ, రెండో గడిల రెండు, మూడో గడిల నాలుగు, గట్ల డబుల్ చేసుకుంట 64 గళ్ళు నింపితే మొత్తం గింజలెన్ని అని. పిల్ల చివర 615 వచ్చేటట్టు రాసింది, షీట్ వెనకాల ఆన్సర్ల మాత్రం 616 ఉన్నది, ఎర్ర ఇంకు గీత పడ్డది. అప్పటి సంది అన్నం తింటలేదు, "అమ్మా నాదే కరెక్ట్" అని ఒకటే గొడవ. ఫోన్ల క్యాలిక్యులేటర్ కొడితే 1.8446744 ఇంక పక్కన ఏందో అక్షరం 19 అని వస్తాంది, చివరి అంకెలే కనబడయ్. ఎవరు కరెక్ట్? ఇంకోటి గూడ అడుగుతాంది, గింత పెద్ద నంబరు ప్రైమా కాదా, దీనికి ఏమన్నా పేరున్నదా అని. నేను డిగ్రీ కామర్స్, నా వల్ల గాదు.

కరీంనగర్_పోరడు | రాత్రి 9:52
అక్కా ఎక్సెల్‌ల కొట్టి చూసిన, 18446744073709600000 అని వచ్చింది. 615 లేదు 616 లేదు, అన్నీ సున్నాలే. ఇద్దరూ తప్పే 😂

మడికొండ_కోడర్ | రాత్రి 9:58
ఒరేయ్ తమ్మీ ఎక్సెల్‌ను నమ్మకు. అది 15 అంకెల దాకనే పట్టుకుంటది, మిగిలిన ఐదు అంకెలు రౌండ్ చేసి సున్నాలు పెడ్తది. జావాస్క్రిప్ట్ అయితే 18446744073709552000 అంటది, అది గూడ దొంగ సున్నాలే. పైథాన్‌ల కొడితే పూర్తిగ వస్తది.

అక్కా, 64వ గడి ఒక్కదాంట్లనే 2^63 (63 రెండ్లను గుణిస్తే వచ్చేది) గింజలు, అంటే 9223372036854775808. మొత్తం గళ్ళన్నీ కలిపితే 2^64 కి ఒకటి తక్కువ. 2^64 ఏమో చివర 616, అందుకని మొత్తం చివర 615. మీ బిడ్డదే కరెక్ట్. అన్నం తినమనుండ్రి.

నమ్మకపోతే చిన్నగ చూడుండ్రి: మూడు గళ్ళే ఉంటే 1+2+4 = 7, తర్వాతి గడి 8, దానికి ఒకటి తక్కువ. ఎప్పుడైనా గంతే, ఇప్పటిదాక పోసినవన్నీ కలిపినా రాబోయే గడికి ఒక్క గింజ తక్కువ పడ్తది.

ఈ నంబరు మాకు రోజూ కనబడేదే. కంప్యూటర్ల 64 బిట్లు, అన్నీ ఒకట్లే అయితే ఇదే విలువ, 64 స్విచ్‌లు ఒకేసారి ఆన్ చేసినట్టు. ఇంక రకం అంటారా, 2 పవర్‌కు ఒకటి తక్కువ ఉన్నది గద, దీన్ని మెర్సెన్ ప్రైమ్ అంటరు.

లెక్కల_సారు_హన్మకొండ | రాత్రి 10:11
మడికొండ తమ్మీ, అంతా మంచిగ చెప్పి చివర్ల బోల్తా పడ్డవ్. నంబరు చివర 5 ఉన్నది. ఐదుతో పోయేది ప్రైమ్ ఎట్లయితది, నాలుగో తరగతి పిల్లగాడు గూడ చెప్తడు.

మెర్సెన్ ప్రైమ్ గావాల్నంటే ముందు పైన ఉన్న పవర్ ప్రైమ్ కావాలె. 64 కాదు, గక్కన్నే అయిపోయింది. దగ్గర్ల ఉన్న అసలు మెర్సెన్ ప్రైమ్ 2^61 - 1, అంటే 2305843009213693951. పెర్వూషిన్ అనే రష్యా పాదిరి 1883ల అది ప్రైమ్ అని తేల్చిండు, కంప్యూటర్ లేదు ఏం లేదు, కాయిదం కలం.

మడికొండ_కోడర్ | రాత్రి 10:14
అయ్యో సారూ 🙈 చివర 5 చూడనే లేదు. రోజుకు పది సార్లు చూసే నంబరు మల్ల.

జమ్మికుంట_ఒడ్లు | రాత్రి 10:30
మీరు మీరు ప్రైమ్ గీమ్ అనుకుంటాన్రు, మాది ఒడ్ల యాపారం, నాకు తూకం లెక్కనే వస్తది. సన్నబియ్యం గింజ ఒకటి సుమారు 20 మిల్లీగ్రాములు అనుకుందాం, అంటే కిలకు 50 వేల గింజలు, 50 కిలల సంచికి 25 లక్షలు. 21 గళ్ళు నింపేదాక ఒక్క సంచి గూడ ఖాళీ కాదు (20,97,151 గింజలు), 22వ గడికి వచ్చినంక రెండో సంచి ఇప్పాలె. 25 టన్నుల లారీ ఒకటి అంటే 125 కోట్ల గింజలు, 30 గళ్ళ దాక ఒక లారీల సర్దుకుంటది, 31వ గడికి ఆ లారీ సాలది. అప్పటిదాక ఏమనిపియ్యది, సగం బోర్డు అయిపాయె ఒక్క లారీనే గద అనుకుంటం. చివరికి మొత్తం 36,893 కోట్ల టన్నులు, లారీలు 1,475 కోట్లు. ఎనుమాముల మార్కెట్ గేటు కాడ లైన్ కట్టిస్తే ఆ లైను భూమి మొత్తం చుట్టుకుని ఎన్నిమార్లు తిరుగుతదో మీరే లెక్క పెట్టుకోండ్రి. దునియా మొత్తం మీద ఏడాదికి పండే బియ్యం 50 కోట్ల టన్నుల పైచిలుకు, అంటే 700 ఏండ్లు ఎవ్వడు ఒక్క మెతుకు తినకుండ కూడబెట్టాలె. చదరంగం కనిపెట్టినోడు గిన్ని గింజలు అడిగితే ఆ కథల రాజు ఎందుకు ఒప్పుకున్నడో గని, వాడు మార్కెట్ యార్డు మొఖం చూసినోడు కాదు.

లెక్కల_సారు_హన్మకొండ | రాత్రి 10:38
మీ లారీల లెక్కల ఒక ముచ్చట ఉన్నది. 31 గళ్ళు నిండినంక మొత్తం 2147483647 గింజలు. అది మాత్రం ప్రైమే, 1772ల ఆయిలర్ అనే గణిత పండితుడు రుజువు చేసిండు. 31 ప్రైమ్, గడి మొత్తం గూడ ప్రైమ్. 61వ గడి కాడ మల్ల గట్లనే. మన 64 కాడనే పట్టాలు తప్పింది.

కేయూ_ఎమ్మెస్సీ | రాత్రి 10:55
ప్రైమ్ కాదు సరే, మరి ముక్కలు ఎట్ల చేయాలె అని ఎవరు చెప్పలే, నేను చెప్తా, కాల్క్యులేటర్ వద్దు. ఒక వర్గంలోంచి ఒకటి తీసేస్తే (ఒకటి తక్కువ) × (ఒకటి ఎక్కువ) అయితది గద, 100 - 1 = 9 × 11 లెక్క. 2^64 అంటే 2^32 కి వర్గం. అందుకని

2^64 - 1 = (2^32 - 1) × (2^32 + 1)

ఎడమ దిక్కున్న దాన్ని మల్ల గట్లనే విడగొట్టాలె, మల్ల విడగొట్టాలె, 64 సగం 32, సగం 16, 8, 4, 2, 1, చివరికి మిగిలేవి:

3 × 5 × 17 × 257 × 65537 × 4294967297

చూడుండ్రి ఎంత ముద్దుగున్నదో. ఇవి ఆరూ ఫెర్మా అనే గణిత పండితుని పేరు మీద ఉన్న ఫెర్మా నంబర్లు, అంటే 2^1, 2^2, 2^4, 2^8 గట్ల పవర్ డబుల్ చేసుకుంట పోయి ఒకటి కలిపినవి. ఆరు వేర్వేరు ముక్కలు, ఒక్కో ముక్కను తీసుకోవచ్చు, వదిలేయచ్చు, అంటే భాజకాలు 2×2×2×2×2×2 = 64. చదరంగానికి 64 గళ్ళు, నంబరుకు 64 భాజకాలు!! నాకైతే ఒళ్ళు జల్లుమన్నది.

ఓరుగల్లు_శిల్ప | రాత్రి 10:57
వావ్ 64 కు 64. స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్ పెట్టేసిన.

లెక్కల_సారు_హన్మకొండ | రాత్రి 11:20
శిల్పా, స్టేటస్ తీసెయ్యి బిడ్డా. కేయూ తమ్మీ, నీకు జల్లుమన్నట్టే ఫెర్మాకు గూడ 17వ శతాబ్దంల జల్లుమన్నది, ఈ వరుసల వచ్చేవన్నీ ప్రైమ్‌లే అని నమ్మిండు. 3, 5, 17, 257, 65537 దాక నిజమే. ఆరోది 4294967297 కాడ దెబ్బ తిన్నడు. 1732ల ఆయిలర్ చెప్పిండు, అది 641 × 6700417 అని.

ఆయిలర్ గుడ్డిగ భాగించుకుంట పోలే. ఈ నంబరును భాగించే ప్రైమ్ ఏదైనా సరే 64తో భాగిస్తే ఒకటి మిగలాలె అని ముందు పట్టుకున్నడు. గట్లాంటి ప్రైమ్‌లు వరుసగ 193, 257, 449, 577, 641. అయిదోదాంతోనే చిక్కింది. కావాల్నంటే 64 ఇక్కడ కనబడ్డది, దాన్ని పెట్టుకో స్టేటస్.

అడ్డం తిరిగినోళ్ళ కోసం చేతి రుజువు గూడ ఇస్త. 641 = 5 × 128 + 1. అట్లనే 641 = 625 + 16. మొదటిదాన్ని బట్టి, 641తో భాగించే లెక్కల 5 × 128 అంటే -1 కింద సమానం. దాన్ని నాలుగో పవర్ చేస్తే 625 × 2^28 అంటే 1 అయితది. రెండోదాన్ని బట్టి 625 అంటే -16, అంటే -(2^4). రెండు కలిపితే -(2^32) అంటే 1. అంటే 2^32 + 1 అంటే సున్నా. అయిపాయె, 641తో నిశ్శేషంగ పోతది. బోర్డు మీద నాలుగు లైన్లు. నేను పీజీల ఉన్నప్పుడు ఇది మొదటిసారి చూసి క్లాసు అయినంక గూడ లేవలే.

కాబట్టి ముక్కలు ఆరు కాదు ఏడు:

3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417

భాజకాలు 128. బోర్డుకు రెండింతలు.

కేయూ_ఎమ్మెస్సీ | రాత్రి 11:26
తప్పైపోయింది సారూ. ఫెర్మా తప్పు చేసిన కాడనే నేను గూడ తప్పు చేసిన అంటే కొంచెం గర్వంగనే ఉన్నది 😅

సరే మిగిలిన రకాలు చెప్పి పాపం కడుక్కుంట. ఏ ప్రైమ్ గూడ రెండోసారి రాలే, కాబట్టి ఏ వర్గంతోను పోదు. అంకెలన్ని కూడితే 87, అంటే 3తో పోతది, 9తో పోదు. హర్షద్ నంబరా అంటే కాదు. హర్షద్ అంటే తన అంకెల మొత్తంతో తాను భాగించబడేది, ఆ పేరు పెట్టింది నాసిక్ పక్కన దేవ్లాలీల బడి పంతులుగ పనిచేసిన కప్రేకర్. 87 అంటే 3 × 29, మన ఏడు ముక్కలల్ల 29 లేదు. బైనరీల 64 ఒకట్లు, ఎటు నుంచి చదివినా అదే. ఒకట్ల లెక్క సరిసంఖ్య కాబట్టి దీన్ని ఈవిల్ నంబర్ అంటరు, నిజంగ గదే పేరు, నేను పెట్టింది కాదు.

ఇంకొకటి, తన భాజకాలన్ని (తనను వదిలేసి) కూడితే తనకన్న తక్కువొస్తే లోప సంఖ్య అంటరు. ఇక్కడ 128 భాజకాలు ఉండి గూడ కూడితే నంబరుల 70 శాతమే వస్తది. లోపమే.

ఓరుగల్లు_శిల్ప | రాత్రి 11:31
స్టేటస్ తీసేసిన సారూ. కాని 128 భాజకాలున్నోడు గూడ లోపమేనా, పాపం.

మడికొండ_కోడర్ | రాత్రి 11:40
3, 5, 17, 257, 65537 ఈ అయిదు ముక్కలు గుణిస్తే 4294967295 వస్తది, అంటే సగం బోర్డు, 32 గళ్ళు. నెట్‌వర్క్ పని చేసేటోళ్ళకు ఇది 255.255.255.255. గదే నంబరు.

లెక్కల_సారు_హన్మకొండ | రాత్రి 11:47
మంచిగ గుర్తు చేసినవ్. ఆ 4294967295 కు ఇంకో గొప్పతనం ఉన్నది. స్కేలు, వృత్తలేఖినితోటి గీయగలిగే బేసి భుజాల క్రమ బహుభుజులల్ల మనకు తెల్సిన అతి పెద్దది గన్ని భుజాలదే. 17 భుజాలది గీయచ్చని గాస్ 1796ల కనిపెట్టిండు, అప్పుడు ఆయన వయసు 18. గట్ల గీయాలంటే ఆ బేసి భుజాల సంఖ్య ఫెర్మా ప్రైమ్‌లను (ప్రైమ్ అయిన ఫెర్మా నంబర్లను) గుణిస్తే వచ్చేది కావాలె, ఒక్కోటి ఒక్కసారే వాడాలె, మనకు తెల్సినవి అయిదే, అయిదూ గుణిస్తే ఇది. మన పూర్తి నంబరుకు ఆ యోగం లేదు, 641 అడ్డం పడ్డది. ఇంక నేను పండుకుంట, పొద్దున్నే ఫస్ట్ పీరియడ్.

పరకాల_పంతులు | ఉదయం 5:35
నాయనలారా, రాత్రంతా మీరు ఫెర్మా, ఆయిలర్, గాస్ అనుకుంట కూర్చున్నరు. నేను రిటైరైన తెలుగు పండితుణ్ణి, లెక్కలు రావు. కాని ఈ నంబరు నాకు నోటికి వచ్చు. ఎక్సెల్ అక్కర్లేదు.

11వ శతాబ్దపు పావులూరి మల్లన అని మన తెలుగు కవి, మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాలల్ల చెప్పిండు. చదరంగం గళ్ళ రెట్టింపు మొత్తం ఇంత అని ఆయన పేరు మీద ఒక చంపకమాల ఉన్నది. దాంట్ల అంకెలు ఉండవు, మాటలుంటయి. వరుసగ రాస్త, పక్కన అంకె వేసుకోండి:

శర 5, శశి 1, షట్క 6, చంద్ర 1, శర 5, సాయక 5, రంధ్ర 9, వియన్నగ 7, అగ్ని 3, భూధర 7, గగన 0, అబ్ధి 4, వేద 4, గిరి 7, తర్క 6, పయోనిధి 4, పద్మజాస్య 4, కుంజర 8, తుహినాంశు 1.

శరము అంటే బాణం, మన్మథునికి అయిదు. సాయకమన్నా బాణమే. రంధ్రాలు దేహానికి తొమ్మిది. కొండలు ఏడు, సముద్రాలు నాలుగు, పద్మజుడంటే బ్రహ్మ, ఆయన ముఖాలు నాలుగు. కుంజరాలు దిక్కులు మోసేవి ఎనిమిది. తుహినాంశుడు చంద్రుడు, ఒక్కడే. అంకెలు కుడి నుంచి ఎడమకు నడుస్తయి, అంటే మొదటి మాట ఒకట్ల స్థానం.

కేయూ_ఎమ్మెస్సీ | ఉదయం 6:50
పంతులు గారూ నిద్ర మబ్బు ఒక్కసారి దిగిపోయింది. తిరగేసి రాసిన: 1844674407379551615. కాని 19 అంకెలే వచ్చినయ్, నడుమల 3 7 తర్వాత ఒక సున్నా పోయింది. కవి తప్పు చేసిండా?

పరకాల_పంతులు | ఉదయం 7:05
కవి కాదు నాయనా, నేనే. వియన్నగ ఒకే మాట కింద రాసిన, చూడు ఎంత పొరపాటో, ముప్పై ఏండ్లు సంధులు చెప్పినోణ్ణి. వియత్ + నగ. వియత్తు అంటే ఆకాశం, సున్నా. నగమంటే కొండ, ఏడు. సంధి విడగొడితే మాటలు ఇరవై, అంకెలు ఇరవై.

కేయూ_ఎమ్మెస్సీ | ఉదయం 7:12
1 8 4 4 6 7 4 4 0 7 3 7 0 9 5 5 1 6 1 5. కరెక్ట్!! ఇరవైకి ఇరవై. పైథాన్ ఇచ్చిన దానితోటి పక్కపక్కన పెట్టి రెండుసార్లు చూసిన.

మడికొండ_కోడర్ | ఉదయం 8:20
వెయ్యేండ్ల సంది నోటి మీద, తాటాకు మీద నడిచొచ్చి ఒక్క అంకె గూడ పోలేదా? ఎక్సెల్ ఒక్క ఎంటర్‌కే ఐదు అంకెలు మింగింది. ఎట్ల పంతులు గారూ, నడుమల రాసేటోడు ఎవడో ఒకడు తప్పు రాసే ఉంటడు గద.

పరకాల_పంతులు | ఉదయం 9:10
రాస్తడు. కాని ఛందస్సు పట్టిస్తది. ప్రతి పాదంల ఇరవై ఒక్క అక్షరాలు, గురువు లఘువు ఏది ఎక్కడ ఉండాలెనో కట్టుబాటు. ఒక మాట ఎగిరిపోతే పాదం కుంటుతది. రెండో అక్షరం ప్రాస, అన్ని పాదాలల్ల ర గుణింతమే ఉండాలె: శ"ర", ధ"ర", జ"ర". మొదటి అక్షరానికి పదకొండో అక్షరంతో యతి కుదరాలె, మొదటి పాదంల శ కు సాయకంల సా. అట్లని అన్నీ పట్టిస్తదని చెప్పను. పాదం నడుమల వేద తీసి వార్ధి (సముద్రం) పెట్టినవనుకో, నడక చెడదు, అంకె మారదు గూడ, రెండూ నాలుగే. కాని వేద తీసి భూత పెడితే నడక అట్లనే ఉంటది, అంకె మాత్రం అయిదై కూర్చుంటది. అక్కడ చదివేటోని తెలివే దిక్కు.

మడికొండ_కోడర్ | ఉదయం 9:16
అంటే చెక్‌సమ్ అన్నట్టు. కొన్ని తప్పులు పడ్తది, కొన్ని జారిపోతయ్. మాది గూడ గంతే పంతులు గారూ.

జమ్మికుంట_ఒడ్లు | ఉదయం 9:45
మా తాత ఉర్దూ మీడియం, నిజాం కాలం మనిషి, కోట్లు దాటితే అరబ్, ఖరబ్, నీల్, పద్మ్, శంఖ్ అని లెక్క పెట్టేటోడు. ఆయన లెక్కల కొట్టి చూసిన: 184 శంఖ్, 46 పద్మ్, 74 నీల్, 40 ఖరబ్, 73 అరబ్, 70 కోట్ల 95 లక్షల 51 వేల 615. రసీదు రాయాలంటే పుస్తకం సాలదు.

హంటర్‌రోడ్_అమ్మ | సాయంత్రం 6:15
అందరికి దండాలు. పొద్దున స్టీల్ గ్లాసుల బియ్యం తీసుకుని బోర్డు మీద గడికో డబుల్ పెట్టి మూడు గళ్ళు, నాలుగు గళ్ళు చేసి చూపించిన, పిల్ల నవ్వింది, తిన్నది. బడికి గూడ గదే చేసి చూపించిందట, సారు చూసి సరే అని మార్కు వేసిండు. అది కాదు నేను రాసేది. వచ్చినప్పటి సంది పంతులు గారి మాటల లిస్టు గోడకు అంటించుకుని చదువుతాంది, ఇప్పుడు కొత్త డౌట్: "అమ్మా, ఒకవేళ ఆ కవి గూడ మా షీట్ లెక్క 616 అనుకుని ఉంటే మొదటి మాట అయిదు బదులు ఆరు కావాలె గద, అప్పుడు పద్యం ఎట్ల ఉండేది?" నేనేం చెప్పాలె?

పరకాల_పంతులు | సాయంత్రం 6:50
అమ్మా, ఆ బిడ్డకు నా ఆశీస్సులు. ముప్పై ఏండ్ల సర్వీసుల ఈ ప్రశ్న ఎవ్వరు అడగలే. గంట సేపు వాకిట్ల తిరిగిన.

శర తీసి ఆరు అంకె మాట పెట్టాలె, రెండూ లఘువులు కావాలె. ఋతు, ఆరు ఋతువులు, నడక సరిపోతది, కాని రెండో అక్షరం తు, ప్రాస పాయె. రస, ఆరు రుచులు, రెండో అక్షరం స, మల్ల ప్రాస పాయె. అప్పుడు తట్టింది, అరి! కామ క్రోధాది ఆరుగురు శత్రువులు. అ, రి, రెండూ లఘువులే, ప్రాస ర కుదిరింది. అయిపోయింది అనుకుని లోపలికి వచ్చి కూర్చుని పాదం మొత్తం చదివితే, పదకొండో అక్షరం సా. అ కు సా కు యతి లేదు.

బిడ్డకు చెప్పు, నాకు తెల్సిన మాటలల్ల 616 ఆ పద్యంల పడతలేదు. తనకు ఇంకో మాట దొరికితే, మొదటి అక్షరం శ, ష, స లల్ల ఒకటి, రెండోది ర, అర్థం ఆరు, నాకు రాయమను.

హంటర్‌రోడ్_అమ్మ | సాయంత్రం 7:20
డిక్షనరీ ముందల ఏసుకుని కూర్చున్నది పంతులు గారూ. హోంవర్క్ ఇంకా ముట్టలేదు.